మోతి కథకు సవరణ

ఈ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి పంపుమని సంఘమువారు కోరినప్పుడు, నేను వ్రాయబోవునది మా యింటి కుక్క మోతి కథయే యని వారు ముందుగనే నిశ్చయించుకొని యుండిరి. అందులకు వారిని తప్పుపట్టరాదు. ఆ కథను నేను 36 సంవత్సరములు చెప్పితిని. పెండ్లి పందిళ్లలో చెప్పితిని. కాళేశ్వరమునకు దాటు పడవలో చెప్పితిని. కచేరిలో టీ వేళ చెప్పితిని. బదిలీపై వచ్చిన అధికారులకు మరాఠీలో సైతము చెప్పితిని. విని కంట తడిపెట్టనివారు తక్కువ. ఇప్పుడు దానికి సవరణ వ్రాయవలసివచ్చినది. గుమాస్తాగిరి చేసినవానికి సవరణలు వ్రాయుట క్రొత్త కాదు. కాని అంతవరకు నేను వ్రాసినవన్నియు ఇతరుల తప్పులకు.

ముందుగ నా భాషను గూర్చి ఒక మాట. మా సిరొంచ మహారాష్ట్రములో నున్నను మా యిండ్లలో మాట తెలుగే. బడి మాత్రము మరాఠీ. నేను మెట్రిక్ వరకు చదివినది ఆ భాషలోనే. తెలుగు అక్షరములు మా తండ్రిగారు భారత భాగవతములు ముందుంచుకొని దిద్దించినవి. కాబట్టి నాకు మాటలాడు తెలుగొకటి, వ్రాయు తెలుగొకటి. రెంటి నడుమను ప్రాణహితయంత వెడల్పు గలదు. కలము పట్టినంతనే అది పాత దారిని పోవును. పాఠకులు మన్నింతురు గాక.

ఇక కథ. నేను చెప్పుచు వచ్చినట్లే మొదట చెప్పెదను.

సిరొంచవద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. ఆవలి గట్టున కాళేశ్వరము. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరద భద్రాచలమువద్ద 75.6 అడుగుల మట్టమునకు చేరినది. దిగువవారు నేటికిని ఆ యంకెను పాఠము అప్పగించినట్లు చెప్పుదురు. మా పల్లెలో కొలబద్ద లేదు. నీరు చావడి గడపను తాకినదా, చింతచెట్టు మొదటి పంగను తాకినదా, ఇదియే మాకు కొలత. అప్పటికి చంద్రపూరునుండి గడ్చిరోలి జిల్లా విడివడి నాలుగేండ్లు. నాకు 26 ఏండ్లు. ఒక సర్కారీ కచేరిలో చిన్న గుమాస్తాను; నది యొడ్డుననున్న మా పల్లెనుండి సైకిలుపై పోయివచ్చుచుంటిని. ఇంటిలో తల్లిదండ్రులు, నా భార్య, నాలుగు నెలల మా పెద్దమ్మాయి. మట్టిగోడలు, గూనపెంకులు, చుట్టును వెదురు దడి, వాకిట మోతి. అది గోధుమరంగు కుక్క, రొమ్ము తెలుపు. మా యింటివారు తప్ప మరియెవరు తడుక తీసినను ఓర్వదు.

రెండు దినములు విడువని ముసురు. మూడవనాటి రాత్రి, అర్ధరాత్రి దాటిన పిమ్మట, మోతి మొరగసాగెను. మా తల్లి పండుకొన్న చోటినుండియే అదలించెను. అది మానలేదు. తలుపును గోళ్లతో గీరెను. ఊయల చీరకొంగును పండ్లతో పట్టి లాగెను. మా తల్లి లేచి చూడగా వాకిట చీలమండలోతు నీరు! మా తండ్రిగారు నన్ను కుదిపి లేపిరి. బిడ్డను గంపలో నుంచుకొని బడి యున్న దిబ్బమీదికి చేరితిమి. తెల్లవారునప్పటికి ఇల్లు లేదు, బురదలో పెంకులుండెను. ఐదు ప్రాణములను ఒక మూగజీవము కాపాడినది. ఇట్లు ముగించి నేను కొంతసేపు ఊరకుండెడివాడను. వినువారును ఊరకుండెడివారు.

తలుపు మూసియుండగా వాకిటి కుక్క ఇంటిలోని ఊయలను ఎట్లు లాగెనని ఈ 36 ఏండ్లలో నన్ను ఒక్కరును అడుగలేదు. తలుపు గీరుట నేను చేర్చినది. 1990 ప్రాంతమున కావచ్చును. ఊయల సంగతి ఎవరు చేర్చిరో తెలియదు. నా నోట విన్న మేనల్లుడు కొన్నేండ్లకు తిరిగి నాకే చెప్పినప్పుడు అది అందులో నుండెను. బాగుగనున్నదని ఉంచితిని.

వరద తరువాత మోతి మరి ఐదేండ్లు బ్రతికినది. వేపచెట్టు క్రింద దానిని పాతిపెట్టి మా తల్లి ఒక రాయి నిలిపెను. పోలా పండుగనాడు ఎద్దులకు బొట్టు పెట్టి, ఆ పళ్లెముతోనే వచ్చి రాతికిని కుంకుమ పెట్టెడిది. ఆమె పోయిన తరువాత ఆ పని నా భార్య చేయుచున్నది.

2022 జూలైలో నది మరల లేచినది. ఆ మారు భద్రాచలమువద్ద 71.3 అడుగులు. అప్పటికి నాకు ఉద్యోగవిరమణమై నాలుగేండ్లు, సిరొంచలో నివాసము. నదీతీరపు పల్లెలవారిని బడులలోనికి తరలించిరి. అట్టి బడి యొకదానికి మా వీధివారము కిచిడీ వండి తీసికొనిపోయితిమి. లోపల పిల్లలు ఏడ్చుచుండిరి. పిల్లల నూరడించుటకు నాయొద్ద నున్నది ఒకటే కథ. చెప్పితిని. గోడవారగా మోకాళ్లు కౌగిలించుకొని కూర్చున్న ముసలమ్మ ఒకతె తుదివరకు విని, “ఆ కుక్క ఎవలి మీద మొరిగింది సారూ?” అని అడిగెను.

“నీళ్లను చూసి అవ్వా. వరదొస్తుందని.”

“నీళ్లను చూసి కాదు. మా ఇంటాయన్ను చూసి.”

ఆమెను అప్పుడు పోల్చుకొంటిని. మా పల్లె కోత్వాల్ భార్య. కోత్వాల్ అనగా మా వైపున తలాఠీ చేతిక్రింద నుండు గ్రామసేవకుడు. దండోరా వేయుట, కాగితములు చేర్చుట, రాత్రివేళ ఊరు కనిపెట్టియుండుట ఆతని పనులు. ఆతడు పోయి అప్పటికే చాల ఏండ్లైనది.

“రాత్రి కబురొచ్చింది, నీళ్లు పెరుగుతున్నయని. కందిలి పట్టుకొని ఇల్లిల్లు తిరిగిండు. మీ వాకిట్ల తడుక తీసిండో లేదో, పిక్క పట్టుకున్నది. కందిలి కిందపడి పలిగింది. అది గుంజుతనే ఉన్నది, ఈయన ఒర్రుతనే ఉన్నడు, నీళ్లొస్తున్నయ్ లెవ్వుండ్రి అని. మీ అమ్మ తలుపు తీసిన సప్పుడైనంక, ఇంకో ఇంటికి పోయిండు.”

నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, ఆనాడే ఎందుకు చెప్పలేదని అడిగితిని.

“తెల్లారి అందరడిగితే, నీళ్లల్ల ముల్లు గీరిందన్నడు. కుక్క అంటె కొట్టి సంపుతరు గద. కాపల కుక్కాయె, అర్ధరాత్రి తడుక తీసినోన్ని కరవకుంటె ఇంకెవర్ని కరుస్తది అన్నడు.”

ఆమె మాటలో నన్ను దెప్పుట లేదు. జరిగినది జరిగినట్లు చెప్పుచు, నడుమనడుమ కిచిడీ తినుచుండెను. మిగిలినదియు చెప్పెను. వాగు ప్రక్కనున్న నాలుగిండ్లకు ఆతడు దీపము లేకయే పోయెను. మూడిండ్లవారిని లేపెను. నాలుగవ యింటికి దారి చీకటిలో దొరకలేదు. దొరకునప్పటికి నీరు నడుము దాటినది.

ఆ నాలుగవ యింటి ముసలివాని సంగతి నాకు తెలియును. వరద తీసిన తరువాత మా పల్లె నష్టముల పట్టిక వ్రాసినది నేనే. కూలిన యిండ్లు, పోయిన ఎద్దులు, మేకలు, కొట్టుకొనిపోయిన ధాన్యము. మనుష్యులు అను గడిలో ఒకటి యని వేసి క్రింద గీత గీసితిని. కందిలి పగులకున్న ఆ ముసలివాడు బ్రతికియుండెడివాడని నేననను. ఆ రాత్రి నీటి వేగము నాకు తెలియును. అవ్వయు అనలేదు. ఆమె భర్త మాత్రము తాను పోవువరకు అనుచుండెనట.

మరియొకటి కూడ అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. వరద తరువాత కోత్వాల్ కొన్ని దినములు పనికి రాలేదని ఒక కాగితము నా బల్లమీదికి వచ్చినది. కారణము వ్రాయవలసిన గడి ఖాళీ. కారణము లేని గైర్హాజరుకు ఆతని మాన్‌ధన్‌లో కోత పడవలెను. కోత లెక్క కట్టి, మొత్తము వేసి, సంతకమునకు పంపినది నా చేయి. కుక్కకాటుకు ఆ దినములలో నుండిన వైద్యము ఈనాటివారికి తెలియదు. గొర్రె మెదడునుండి తీసిన మందును బొడ్డుచుట్టు దినమునకొక సూదిగా వేసెడివారు. పదునాలుగు సూదులని జనులు చెప్పుకొనెడివారు. ఆ మాటకే పిల్లలు హడలిపోయెడివారు. మన దేశమున 2005 నాటికి ఆ మందును మానివేసిరి. ఇప్పుడు భుజమునకు కొన్ని సూదులతో సరిపోవును. కోత్వాల్ ఆ దినములలో దవాఖానా వసారాలో వరుసలో నిలిచియుండగా నేను ఆతని గైర్హాజరును ఎఱ్ఱసిరాతో వ్రాయుచుంటినన్నమాట.

ఇంటికి వచ్చి నా భార్య నడిగితిని. ఆమె బియ్యము చెరుగుచు తల యెత్తకయే, “నేను అప్పుడే చెప్పిన. ఎవరో మొగాయన ఒర్రుతుండు అంటే, బాలింతవు, కల గన్నవు అన్నరు. మీరు గూడ అన్నరు” అనెను. నేనన్నట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆమెకు కలదు.

ఆ రాత్రి నిద్రపట్టక, కచేరిలో పాత దస్త్రమును విప్పినట్లు ఈ కథను విప్పి చూచితిని. మోతి మొరుగుట నేను వినలేదు. నేను గాఢనిద్రలో నుంటిని. నన్ను లేపినది మా తండ్రిగారు. విన్నది మా తల్లి ఒక్కతె. ఆమె అబద్ధమాడలేదు. కుక్క మొరిగినది, ఆమె లేచినది, నీరు కనబడినది. మూడును నిజములే. కుక్క నీటిని చూచియే మొరిగినదని ముడివేసినది మేము. ఒక్క సాక్షి నోటిమాటపై, ఆ సాక్షియు కంటితో చూడనిదానిపై, నేను 36 ఏండ్లు ప్రమాణపూర్వకముగ మాటలాడితిని. రెండు సాక్షి సంతకములు లేని పంచనామాలను ఎన్నింటినో తిరుగగొట్టినవాడను!

అది మొదలు ఇట్టి కథ యేది విన్నను, ఆ వాకిట మరి యెవరు నిలిచియుండిరో యని వెదకుట నాకలవాటైనది. మనుమడి ఫోనులో దినమున కొకటి వచ్చును. పాముతో పోరాడి యజమానిని రక్షించిన శునకము, దొంగలనుండి ఇంటిని కాపాడిన చిలుక, ఇట్టివే. వీనిలో నిజము లుండవని నేననను. కాని పామును చూచిన కుక్క మొరుగును. ఉడుమును చూచినను మొరుగును. కదలు బుట్టను చూచినను మొరుగును. వానకాలపు రాత్రులందు నేలమీద పండుకొన్నవారి పక్కలోనికి కట్లపాము చేరుట మాకు క్రొత్త కాదు. గడపలో కుక్క ముడుచుకొని నిద్రించుచున్న యిండ్లలోను అది చేరినది. ఆ యింటివారు కథ చెప్పరు. చెప్పుటకేమున్నది? 1986 వరదలో మా పొరుగింటి కుక్క ప్రొద్దుగ్రుంకకమునుపే ఒంటరిగ దిబ్బ యెక్కి కూర్చున్నది. దానిని చూచి తాముకూడ ఎక్కవలెనని పొరుగింటివారికి తోచలేదు. వారిని పిలువవలెనని దానికిని తోచలేదు. ఈ కథను వారు ఏ పందిటిలోను చెప్పగా నేను వినలేదు.

ఓడ మునుగకుండ దేవతలు కాపాడిరని మ్రొక్కు చెల్లించినవారి చిత్తరువులను డయాగొరాస్ అను గ్రీకు నాస్తికునికి ఒకరు చూపిరట. మ్రొక్కియు మునిగినవారి చిత్తరువు లెక్కడనని ఆతడు అడిగెనని సిసిరో అను రోమను వక్త రెండు వేల యేండ్లకు పూర్వమే వ్రాసి పెట్టినాడు. ఆ సంగతి ఏదో పుస్తకమున చదివి, నాకంటె ముందే ఒకడు ఈ లెక్క చూచెను గదా యని సంతోషించితిని.

మా మేనమామకు ఈ లెక్క పుస్తకములు లేకయే తెలియును. ఆయన ఇప్పపూవు రాలు కాలమున తెల్లవారకముందే కుక్కను తోడుంచుకొని అడవికి పోయెను. కుక్క ముందుకు పరుగెత్తి పొదలో నున్న ఎలుగుబంటిని మొరిగి లేపినది. ఎలుగు తరుముకొని రాగా తిన్నగ వెనుకకు వచ్చి మా మామ కాళ్లసందున దూరినది. కుక్కకు చిన్న గీతయైన పడలేదు. మా మామకు నెత్తి తోలు ఊడి, ఒక కన్ను పోయినది. ఊరిలో మాత్రము కుక్క ఎలుగుతో కలియబడి యజమానిని కాపాడినదని పేరు. వచ్చినవారందరు కుక్కను నిమురుచుండగా మామ మంచముమీదినుండి, “అది నన్ను కాపాడలే. నన్ను అడ్డం పెట్టుకున్నది” అని గొణుగుచుండెడివాడు. ఎవరును లక్ష్యపెట్టలేదు, జ్వరములో మాటలాడుచున్నాడనుకొనిరి. ఆ కుక్కకు అన్నము పెట్టుట మాత్రము ఆయన మానలేదు. కొన్నేండ్లకు దానిని చిరుతపులి వాకిటినుండి ఎత్తుకొనిపోయినది. ఆ రాత్రి అది ఒక్కమారైనను మొరగలేదు.

పంచతంత్రములోని ముంగిస కథ తెలియని తెలుగువాడుండడు. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసను, దాని నోటి నెత్తురు చూచి బిడ్డనే చంపినదనుకొని తల్లి చంపివేయును. దానిని నేను చిరకాలము జంతువుల విశ్వాసమును గూర్చిన కథగా తలచితిని. కాని అది యున్న ఐదవ తంత్రమునకు పేరు అపరీక్షితకారకము. పరీక్షింపక చేయు పని యని భావము. ఆ తల్లి నింద విషయమున చేసినదానిని మేము మెప్పు విషయమున చేసితిమి. అంతియే భేదము.

ఈ కథకు తోబుట్టువులు లోకమంతట గలవు. మాకు ఇంద్రావతి కావలనున్న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో, బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామమున, కుకుర్‌దేవ్ మందిరమని కలదు. ఒక బంజారా తన కుక్కను సాహుకారువద్ద కుదువపెట్టెను. సాహుకారు ఇంట దొంగతనము జరుగగా కుక్క ఆ సొత్తును పట్టియిచ్చెను. సాహుకారు సంతోషించి, అప్పు తీరినదని చీటి వ్రాసి దాని మెడకు కట్టి పంపివేసెను. పారిపోయి వచ్చినదనుకొని బంజారా దానిని కొట్టి చంపి, పిదప చీటి చూచి ఏడ్చెనట. బ్రిటనులోని వేల్సు ప్రాంతమున బెడ్‌గెలెర్ట్ అను నూరు గలదు. అక్కడ గెలెర్ట్ అను వేటకుక్క బిడ్డను తోడేలునుండి కాపాడి, నోటి నెత్తురువలన యజమాని కత్తికి బలియైనదట. దానికి సమాధియు నున్నది. ఆ సమాధి రాళ్లు 18వ శతాబ్ది చివర ఆ యూరి సత్రపు యజమాని బాటసారుల నాకర్షించుటకు నిలిపినవని అక్కడివారే చెప్పుదురు. స్విట్జర్లాండు సరిహద్దున సెయింట్ బెర్నార్డు కనుమలోని మఠమున బారీ అను కుక్క యుండెను. మంచులో చిక్కిన 40 మందిని అది కాపాడినదనియు, 41వ వాడు తోడేలనుకొని దానిని పొడిచెననియు ప్రతీతి. నిజమునకు అది ముసలిదై బెర్న్ నగరము చేరి 1814లో తన చావు తానే చచ్చినది. దాని తోలును నింపి నేటికిని అక్కడి ప్రదర్శనశాలలో నుంచిరి. మఠమువారు తోడుండి పనిచేయించిన కుక్క యది. పని చేసిన మాట నిజము. దానికిని పాత చావునే అంటగట్టిరి. మూడు వేర్వేరు గ్రామములనుండి ఒకే చేవ్రాతతో అర్జీలు వచ్చినచో ఏ గుమాస్తాయైనను ఒక్కమారు కలము ఆపి చూడడా?

నేర్చినవారు కొందరు దీనిని పరీక్షించిరి. 2006లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయమునకు చెందిన మెక్‌ఫర్సన్, రాబర్ట్స్ అను నిరువురు, కుక్కలు చూచుచుండగా వాని యజమానులను గుండెపోటు వచ్చినట్లు మైదానమున పడిపొమ్మనిరి; మరికొందరిపై పుస్తకముల బీరువా పడినట్లు ఏర్పాటు చేసిరి. దాపున మరియొక మనిషి కూర్చుండియే యుండెను. ఆ మనిషి యొద్దకు పోయి సాయము కోరుట ఆ కుక్కలకు తెలియలేదు. 2020లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయమువారు 60 కుక్కలను తీసికొని, యజమానిని పెట్టెలో నుంచి అరువుమనిరి. 20 కుక్కలు పెట్టె తెరచినవి. అదే పెట్టెలో తిండి వేసినప్పుడు తెరచినవి 19. యజమాని లోపల అరువక ఊరక చదువుకొనుచున్నప్పుడును 16 తెరచినవి. అరిచినప్పుడు కుక్కలు ఎక్కువ కలవరపడినవని కూడ వారు వ్రాసిరి. నేను దానిని రెండుమార్లు చదివించుకొంటిని. కుక్కకు మనమీద మనసు లేదని అందులో లేదు. తలుపు తెరచుట తెలిసిన కుక్కలు తెరచినవి. తెలియనివి బయట నిలిచి బాధపడినవి. మోతియు నా బిడ్డ ఏడ్చిన ప్రతి మారు గడపవద్దకు వచ్చి చెవులు నిక్కించెడిది. అది నేను కంటితో చూచినది, దానిని సవరింపను.

ఈ సవరణను మిత్రుడొకనికి వినిపింపగా, “మంచి కథను చెడగొట్టితివి. కుక్కకు దక్కిన మెప్పువలన ఎవరికేమి నష్టము?” అనెను. ఆతడు చదువుకొన్నవాడు, నాకంటె పెద్ద పింఛను పుచ్చుకొనువాడు. నాకు వెంటనే సమాధానము తోచలేదు. వేపచెట్టు క్రింది రాతికి మా యింటివారు పెట్టిన కుంకుమ ఒక వ్రేలి మందమున్నది. పిక్కకు పట్టీ కట్టుకొని కుంటుచు నడచిన మనిషికి ఆ యేడు మా యింటినుండి పోలా పండుగకు ఒక బూరె యైనను పోయినదో లేదో నాకు జ్ఞాపకము లేదు. పోయియుండదు. పోయియుండిన నేను దానిని కూడ కథలో చేర్చియుందును.

2022లో పోలా పండుగ సమీపించినప్పుడు నా భార్య పళ్లెము చేతబట్టి, ఈ మారు రాతికి బొట్టు పెట్టుటయా మానుటయా యని అడిగెను. పెట్టుమంటిని. అది మొరిగిన మాట నిజము. వాకిటిని కాచిన మాటయు నిజము. ఆ సాయంకాలమే అవ్వయున్న చోటికి పోయితిని. నీరు తీసినందున అప్పటికి ఆమె పల్లెకు తిరిగి చేరినది. మనుమని యింటి వసారాలో నులక మంచముపై కూర్చుండియుండెను. నాతో కవరు నొకటి తీసికొనిపోయితిని. 1986లో కోత్వాల్ పోగొట్టుకొన్న పదునాలుగు దినముల మాన్‌ధన్ నేటికి ఎంత యగునో లెక్క కట్టి, కందిలి వెలయు కలిపి, అంకె మిగులకుండ పై రూపాయలతో సరిచేసి తెచ్చితిని. వ్యాసమునందు ఆయన పేరు వ్రాయుటకు సెలవడిగితిని.

“పేరెందుకు సారూ? కుక్క కరిసినోడని నవ్వుతరు” అనెను.

పైకమునకు మాత్రము ఆమె అభ్యంతరము చెప్పలేదు. కవరు చింపి, నోట్లను ఒడిలో పరచుకొని, మనుమరాలిచేత ఎన్నిమారులో లెక్కపెట్టించెను. ఎన్ని దినముల కిచ్చితినని అడిగెను. పదునాలుగంటిని.

“పద్నాలుగు ఏడియి? పన్నెండే. నాట్లు మల్లా పడుతున్నయని ఆఖరి రెండు సూదులు ఎయ్యించుకోలె, పనికి పోయిండు.”

రెండు దినముల పైకమును వేరుగ తీయించి నా చేతిలో పెట్టెను.